బోనులో పెద్దలు, ఎదుట నంద్యాల
టీవీలో తొలి కోర్టు తెరుచుకున్న రోజుల్లో ఢిల్లీ గద్దె మీద ఉన్నది మన ఎంపీయే!

నంద్యాల, ఆళ్లగడ్డ జనానికి కోర్టు కొత్త కాదు. పొలం గట్టు తగాదా మొదలు హత్య కేసు దాకా, ఫ్యాక్షన్ నడిచిన కాలంలో వాయిదాలకు తిరగని పల్లె తక్కువ. పొద్దున్నే బస్సెక్కి రావడం, ప్లీడరు కోసం చెట్టు కింద కాచుకోవడం, పేరు పిలిచేదాకా వరండాలో నిలబడటం, చివరికి సాక్షి మాట మార్చాడని తెలిసి ఉసూరుమంటూ ఇంటికి పోవడం... ఇవన్నీ పడినవాళ్లే. అలాంటి సీమలోకి 1993లో టీవీ ఒక కోర్టును మోసుకొచ్చింది. జీ టీవీలో రజత్ శర్మ నడిపిన ‘ఆప్ కీ అదాలత్’ అది.

నిజం కోర్టు కాదని అందరికీ తెలుసు. అయినా బోను ఉంది, జడ్జి కుర్చీ ఉంది, వకీలులా అభియోగాలు చదివే రజత్ శర్మ ఉన్నాడు, చప్పట్లు కొట్టే జనం ఉన్నారు. తొలి అతిథి అప్పటి బీహార్ ముఖ్యమంత్రి లాలూ ప్రసాద్ యాదవ్. భాష హిందీ. నంద్యాలలో ఉర్దూ మాట్లాడే ఇళ్లు చాలా ఉండటంతో అక్కడ మాట సులువుగా అందింది. మిగతావాళ్లు పక్కవాళ్లను అడిగి చెప్పించుకున్నారు. ఆనాటి ప్రేక్షకులకు ఇప్పటికీ గుర్తున్నది ఒక్కటే: ముఖ్యమంత్రంతటివాడు బోనులో కూర్చున్నాడు, అడిగినదానికల్లా జవాబు చెప్పుకున్నాడు. ఊళ్లో పెద్దమనిషి ఎదుట గొంతు పెగలని జనానికి అది మామూలు దృశ్యం కాదు.

పైగా అప్పుడు దేశాన్ని ఏలుతున్నది నంద్యాల ఎంపీయే. 1991 జూన్‌లో ప్రధాని అయ్యేనాటికి పి.వి. నరసింహారావు పార్లమెంటు సభ్యుడు కారు. ఆళ్లగడ్డకు చెందిన గంగుల ప్రతాపరెడ్డి నంద్యాల సీటును ఆయన కోసం ఖాళీ చేశారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్టీఆర్ తన పార్టీ అభ్యర్థిని నిలబెట్టలేదు. ఆ ఉప ఎన్నికలో పీవీకి వచ్చిన ఆధిక్యం 5.8 లక్షల ఓట్లు. ఆ రికార్డుతో నంద్యాల పేరు గిన్నిస్ పుస్తకానికెక్కింది.

ప్రైవేటు చానళ్లు ఇళ్లలోకి వచ్చిందీ పీవీ ఏలిన ఆ అయిదేళ్లలోనే. 1992 అక్టోబరులో జీ టీవీ మొదలైంది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ ఏడాదే కేబుల్ చట్టం వచ్చింది, జెమిని, ఈటీవీ తెలుగులో పలకరించాయి.

టీవీ కోర్టులో విచారణ, తీర్పు ఒక్క విడతలోనే అయిపోయేవి. అసలు కోర్టు నడక వేరని చూపించింది కూడా మన ఎంపీ కేసే. 1993 జులై 28న పీవీ ప్రభుత్వం అవిశ్వాస తీర్మానం నుంచి 14 ఓట్ల తేడాతో గట్టెక్కింది. ఆ ఓటు కోసం జార్ఖండ్ ముక్తి మోర్చా ఎంపీలకు డబ్బు ముట్టిందన్న కేసులో 2000లో ప్రత్యేక న్యాయస్థానం ఆయనను దోషి అన్నది, 2002లో ఢిల్లీ హైకోర్టు నిర్దోషి అని కొట్టేసింది. లంచం తీసుకుని సభలో ఓటేసిన సభ్యుడికి రాజ్యాంగ రక్షణ ఉంటుందని అదే వ్యవహారంలో 1998లో చెప్పిన సుప్రీంకోర్టు, 2024 మార్చిలో ఏడుగురు న్యాయమూర్తులతో ఆ మాటను తిరగరాసింది. అప్పటికి పీవీ కన్నుమూసి ఇరవై ఏళ్లు కావస్తోంది. ఆలస్యం బాధించేదే. కానీ సుప్రీంకోర్టు చెప్పిన మాటకు దేశమంతా కట్టుబడాలి. చప్పట్లతో వచ్చే తీర్పుకు ఆ బలం లేదు.

తర్వాత తెలుగు టీవీలోనూ పంచాయితీలు వచ్చాయి. ‘బతుకు జట్కాబండి’ లాంటి కార్యక్రమాల్లో కెమెరా ముందు నిలబడింది మొగుడూ పెళ్లాలు, అత్తాకోడళ్లు, పేదింటి గొడవలు. బోను మారలేదు. అందులోకి వచ్చేవాళ్లు మారారు. పెద్దలను అడిగిన ప్రశ్న దిక్కులేనివాళ్ల మీదకు తిరగడం నాకు నచ్చలేదు, ఎప్పటికీ నచ్చదు.

2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లా అయింది. కలెక్టరు ఇక్కడే ఉన్నారు, చేతిలో ఫోనున్న ప్రతి మనిషీ ఒక చానలే. అలాంటప్పుడు ఎన్నికల ముందు నంద్యాలలోనూ ఆళ్లగడ్డలోనూ అభ్యర్థులందరినీ ఒకే వేదిక మీద కూర్చోబెట్టి, సాగునీళ్ల గురించీ, పంట ధర గురించీ, పెట్టిన కేసుల గురించీ తెలుగులో, ఉర్దూలో నిలదీయడం అసాధ్యమేమీ కాదు. ప్రధానిని గెలిపించిన ఓటర్లకు ఆ అర్హత ఎప్పుడో వచ్చింది. ఇక అడగడం మొదలుపెట్టాలి.