పడవ ఎక్కాలంటే ఈత ఒక్కటే చాలదు



2024 సెప్టెంబరు 1న మన నడిగూడెం మండలంలోనే కాగిత రామచంద్రాపురం దగ్గర సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. ఆ మాట వచ్చినప్పుడల్లా మన హాస్టల్లో ఎవరో ఒకరు "నాకు ఈత వచ్చు, నేనైతే దూకి కాపాడేవాణ్ణి" అంటారు. అసలు వరదలో పడవ మీద పోయి మనుషుల్ని కాపాడేవాళ్ళు ఏమేం నేర్చుకోవాలి? నేను తెలుసుకున్నది రాస్తున్నాను.

ముందుగా ఎవరు వస్తారు?

2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ బోటు మునిగింది. అది మన్యం ప్రాంతం. బ్రతికి బయటపడ్డది 26 మంది. వాళ్ళ కోసం నాటు పడవలేసుకొని ముందుగా పోయింది ఒడ్డున ఉండే ఊరివాళ్ళే. ప్రభుత్వ దళాలు ఎంత తొందరగా బయలుదేరినా దారి పట్టి రావాలి గదా! నీళ్ళు అంతదాకా ఆగవు.

అందుకే ఊరివాళ్ళకే శిక్షణ ఇవ్వాలని జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో "ఆపద మిత్ర" పథకం పెట్టింది. మొదట 30 జిల్లాల్లో, 2021 నుండి 350 జిల్లాల్లో లక్ష మందికని పెంచారు. వయసు 18 నుండి 40, చదువు కనీసం 7వ తరగతి, ఆరోగ్యం బాగుండాలి. శిక్షణ 12 రోజులు. ఇది జీతం వచ్చే ఉద్యోగం కాదు, సేవ. తర్వాత ఎన్.సి.సి., ఎన్.ఎస్.ఎస్., స్కౌట్స్ యువత కోసం "యువ ఆపద మిత్ర" కూడా వచ్చింది.

నేర్చుకోవలసినవి

1. లైఫ్ జాకెట్ లేకుండా పడవ ఎక్కకూడదు, ఎంత గజ ఈతగాడైనా సరే. జోరుగా పారే నీళ్ళు మోకాలి లోతు లేకున్నా మనిషిని పడేస్తాయి.

2. కాపాడడానికి ఒక వరుస ఉంది. మొదట ఒడ్డు నుండే కర్ర అందించాలి. అందకపోతే తాడు గాని, గాలి నింపిన ట్యూబు గాని విసరాలి. అదీ కుదరకపోతే పడవ. నీళ్ళలోకి దిగడం అన్నిటికన్నా చివర, అదీ శిక్షణ ఉన్నవాళ్ళే. మునిగేవాడు భయంతో దొరికినవాణ్ణి గట్టిగా పట్టుకుంటాడు. అప్పుడు ఒకరికి బదులు ఇద్దరు పోతారు.

3. పడవను మనిషికి దిగువ నుండి, ముక్కు ఎదురు ప్రవాహానికి పెట్టి, మెల్లగా తేవాలి. పైనుండి వస్తే ప్రవాహం పడవను అతని మీదికే తోస్తుంది. ఇంజను పడవైతే మనిషి దగ్గరికి రాగానే ఫ్యాను ఆపాలి. ఎక్కించేటప్పుడు అందరూ ఒకే పక్కకు వంగితే పడవ బోల్తా పడుతుంది.

4. పైకి తీసినంక పొట్ట నొక్కి నీళ్ళు కక్కించడం, తలకిందులు చేసి తిప్పడం మన ఊళ్ళల్లో అలవాటు. అది తప్పు, విలువైన సమయం పోతుంది. ఊపిరి లేకపోతే ముందు నోటితో ఊపిరి ఊదాలి. తర్వాత ఛాతీ మధ్యలో 30 సార్లు నొక్కడం, 2 సార్లు ఊదడం, ఇట్లా 108 బండి వచ్చేదాకా ఆపకుండా చేయాలి.

బ్రిటన్‌లో 1824లో మొదలైన లైఫ్‌బోట్ సంస్థ పడవల్లో నేటికీ ఎక్కువమంది స్వచ్ఛందంగా వచ్చినవాళ్ళే. పిలుపు రాగానే తమ పని వదిలి సముద్రం మీదికి పోతారు. కానీ శిక్షణ పూర్తి కానివాళ్ళను పూర్తి సిబ్బందిగా లెక్కపెట్టరు.

మరి మనం?

మనకింకా 18 ఏళ్ళు రాలేదు. అయినా ఒడ్డు మీద నిలబడి తాడు విసరడం, జారని ముడి వేయడం, ఛాతీ నొక్కడం ఇప్పుడే నేర్చుకోవచ్చు. సెలవుల్లో తండాకు పోయినప్పుడు పొట్ట నొక్కే పద్ధతి తప్పని అమ్మానాయనలకు చెప్పవచ్చు. ఒక ఆదివారం గ్రౌండులో తాడుతో నేర్పించే ఏర్పాటు చేయాలని వార్డెన్ సారును కోరుతున్నాను. దప్పికైనప్పుడు బావి తవ్వితే ఏం లాభం?

– 9వ తరగతి విద్యార్థి