కొండయేటికి తగిన జోడు

తడకు పడమటగా, వరదయ్యపాళెం మీదుగా పోయినచో కొండల నడుమ ఉబ్బలమడుగు సెలయేరు కలదు. బండిబాట ముగిసిన పిమ్మట కాలినడకయే గతి. రాళ్లపై నడచుచు మాటిమాటికి నీట దిగవలెను. అటవీశాఖ అనుమతి పొంది, గాలము చేతబట్టి ఇట్టి కొండయేళ్లకు పోవువారు ఎట్టి జోడు తొడుగవలెను?

తోలుజోడు నీరు పీల్చి బరువెక్కును, త్వరగా ఆరదు. రబ్బరు స్లిప్పరును ప్రవాహము లాగికొనిపోవును. మడమను బిగించి పట్టి, వ్రేళ్లను కప్పి, లోని నీటిని వెంటనే విడిచిపెట్టు తేలికైన గుడ్డబూటు మేలు.

అసలు శత్రువు నాచు. జపానులో కొండయేళ్ల వెంట ఎక్కువారు గడ్డితో అల్లిన ‘వరాజి’ చెప్పులు తొడిగెడివారు. తడిసిన గడ్డి నాచురాతిని పట్టి నిలుచును. ఫెల్టు అడుగునకును ఈ గుణమే కలదు. అయితే తడి ఆరని ఫెల్టులో దాగి ‘డిడిమో’ అను నాచుజాతి ఏటినుండి ఏటికి వ్యాపించునని, న్యూజిలాండు 2008లో చేపల వేటకు ఫెల్టు జోళ్లను నిషేధించినది. నాచును గెలిచిన జోడే నాచును మోసినదన్నమాట! కావున మెత్తని రబ్బరు అడుగే మధ్యేమార్గము. దానినైనను కడిగి, పూర్తిగా ఆరబెట్టిన పిదపనే మరియొక యేట దింపవలెను.

జోడు రాతిపై పట్టు నిచ్చునే కాని నీటి లోతును చెప్పజాలదు. మడుగు అను పేరే ఒక హెచ్చరిక. చేతికర్రతో లోతు చూడక అడుగు వేయువానిని ఏ జోడును కాపాడలేదు.