విండ్‌షీల్డ్ మార్చారా? కెమెరా క్యాలిబ్రేషన్ మర్చిపోకండి!

రాయి తగిలి నా కారు విండ్‌షీల్డ్ పగిలింది. కొత్తది వేయించాక లేన్ అసిస్ట్ స్టీరింగ్‌ని ఊరికే పక్కకు లాగేస్తోంది!

కారణం రియర్ వ్యూ మిర్రర్ వెనక దొరికింది. అరచేతంత చోటులో అడాస్ కెమెరా, రెయిన్ సెన్సర్ రెండూ ఉంటాయి. అక్కడైతే వైపర్ అద్దాన్ని తుడుస్తుంది, రోడ్డూ బాగా కనిపిస్తుంది.

రెయిన్ సెన్సర్ అద్దంలోకి ఇన్‌ఫ్రారెడ్ కాంతి పంపుతుంది. చినుకు పడితే తిరిగొచ్చే కాంతి తగ్గుతుంది, వైపర్ ఆన్ అవుతుంది.

కెమెరాకి మాత్రం కోణమే ప్రాణం. 1 డిగ్రీ తేడా వచ్చినా 100 మీటర్ల దూరంలో దాదాపు 1.75 మీటర్లు తప్పుతుంది. మన హైవేల్లో లేన్ వెడల్పు సాధారణంగా 3.5 మీటర్లు. అంటే సగం లేన్!

షాపువాళ్లు క్యాలిబ్రేషన్ చేయలేదు. వేరేచోట చేయించాకే సెట్ అయింది. మీరైతే బిల్లు కట్టేముందే అడగండి.