కణంలోని అగ్ని మందగిస్తే... మైటోకాండ్రియా వ్యాధులు

మనం భుజించిన ఆహారం జీర్ణమై రక్తంలో కలిసినంత మాత్రాన శక్తిగా మారదు. అది ప్రతి కణంలోనూ మరొకమారు పచనం కావాలి. జఠరాగ్నితో పాటు సప్తధాతువులకు ఏడు ధాత్వగ్నులు కలవని ఆయుర్వేదం చెప్పిన మాట ఇక్కడ పోలికగా స్మరణకు వస్తుంది. ఆధునిక శాస్త్రం ప్రకారం ఈ పనిని ప్రధానంగా నిర్వర్తించే సూక్ష్మాంగాలే మైటోకాండ్రియా. ఇవి ప్రాణవాయువు సాయంతో ఆహారసారాన్ని దహించి, ఏ.టి.పి. అనే శక్తి పదార్థాన్ని తయారుచేస్తాయి. జన్యులోపం వల్ల ఈ దహనం కుంటుపడటమే మైటోకాండ్రియా వ్యాధి.

లక్షణాలు

శక్తిని అధికంగా వినియోగించే మెదడు, గుండె, కండరాలు, కళ్లు, చెవులు ఎక్కువగా దెబ్బతింటాయి. కనురెప్పలు వాలిపోవడం, స్వల్ప శ్రమకే కండరాలు అలసిపోవడం, మూర్ఛలు, చెవుడు, మధుమేహం, పిల్లలలో ఎదుగుదల లోపం కనిపించవచ్చు. మెలాస్ అనే రకంలో చిన్న వయసులోనే పక్షవాతం వంటి లక్షణాలు వస్తాయి. 1871లో జర్మన్ నేత్రవైద్యుడు లెబర్ వర్ణించిన రకంలో, ముఖ్యంగా యువకులకు నొప్పి లేకుండానే చూపు క్షీణిస్తుంది. పరస్పర సంబంధం లేనట్లు తోచే రెండు మూడు అవయవాల జబ్బులు ఒకే వ్యక్తిలో కలిసి ఉంటే ఈ వ్యాధిని అనుమానించాలి. రక్తంలో లాక్టిక్ ఆమ్లం, కండరపు ముక్క, జన్యువుల పరీక్షలు నిర్ధారణకు తోడ్పడతాయి.

తల్లిదే దోషమా?

మైటోకాండ్రియాకు సొంతంగా 37 జన్యువులు ఉన్నాయి. అవి తల్లి నుండే సంక్రమిస్తాయి. అయితే మైటోకాండ్రియాకు అవసరమైన ప్రోటీన్లలో అత్యధిక భాగానికి ఆధారమైన జన్యువులు కణకేంద్రంలో ఉంటాయి. అవి తల్లిదండ్రులిద్దరి నుండీ వస్తాయి. పిల్లలలో ఈ వ్యాధులు అనేకం ఆ మార్గంలోనే కలుగుతాయి. కనుక కోడలిని నిందించడం శాస్త్రసమ్మతం కాదు, న్యాయమూ కాదు. లోపం తల్లి నుండి వచ్చినా అది ఆమె చేసిన తప్పు కాదు.

జాగ్రత్తలు

జన్యులోపాన్ని సరిదిద్దే కషాయం గాని, లేహ్యం గాని లేదు. ఆధునిక వైద్యంలోనూ చాలా రకాలకు సంపూర్ణ నివారణ లేదు; లక్షణాలను అదుపులో ఉంచడమే ప్రధానం. కో ఎంజైమ్ క్యూ10 లోపం వంటి కొన్ని రకాలకు మాత్రం ప్రత్యేక చికిత్స ఉపకరిస్తుంది.

ఇతరులకు మేలుచేసే లంఖణం ఈ రోగులకు హాని చేయవచ్చు. ఏకాదశి ఉపవాసాలు మానిపించి, వేళకు కొద్దికొద్దిగా ఆహారం ఇవ్వాలి. జ్వరం, వాంతులు వచ్చినప్పుడు చిట్కాలతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్ కొన్ని జన్యులోపాలలో కాలేయానికి ప్రాణాంతకం. జెంటామైసిన్ మరికొందరికి చెవుడు తెస్తుంది. అందుచేత ఏ వైద్యుని వద్దకు వెళ్లినా ముందుగా వ్యాధి పేరు తెలియజేయాలి. సంతానం కోరేవారు జన్యు వైద్యనిపుణుల సలహా పొందడం శ్రేయస్కరం.