కుళాయికీ గ్లాసుకీ మధ్య పాతిక అడుగులు

అమెరికాలో ఇల్లూ ఉద్యోగమూ కుదుటపడ్డాక మనవాళ్లు కొందరు ఆర్వీల, అంటే చక్రాల మీది ఇళ్ల, మోజులో పడుతున్నారు. టెక్సాస్‌లో ఫ్రిస్కోలో ఉండే మా అమ్మాయీ అల్లుడూ కూడా పాతదొకటి కొన్నారు. పికప్ ట్రక్కు వెనక తగిలించుకుని లాక్కెళ్లే ట్రావెల్ ట్రెయిలర్ అది. లోపల మంచాలు, గ్యాస్ పొయ్యి, ఫ్రిజ్, మనిషి తిరగడానికి కష్టమైన స్నానాలగది, అన్నీ ఉన్నాయి. నీళ్లకి మాత్రం ఊరూరా క్యాంపుగ్రౌండ్ కుళాయే దిక్కు. ఆ కుళాయికి ఒక కొస, ట్రెయిలర్‌కి ఒక కొస తగిలించే పైపు ఎవరికి వాళ్లే తెచ్చుకోవాలి. ట్రెయిలర్ కొనడానికి మావాళ్లు నెలల తరబడి వీడియోలు చూశారు. పైపు దగ్గరికొచ్చేసరికి గరాజ్‌లో ఉన్న ఆకుపచ్చ గార్డెన్ పైపు చుట్టచుట్టి పెట్టేసుకున్నారు.

నేను ఉద్యోగం చేసింది మున్సిపల్ నీటి శుద్ధి కేంద్రంలో, ల్యాబ్‌లో. నీళ్లలో క్లోరిన్ ఎంత మిగిలింది, క్రిములున్నాయా లేవా అని చూడడమే పని. ఫిల్టర్‌హౌస్‌లో పట్టిన శాంపిల్‌తో మాకెప్పుడూ పేచీ ఉండేది కాదు. ఓవర్‌హెడ్ ట్యాంకు దగ్గరా బాగానే ఉండేది. లైను చివర, మురుగుకాలవ దాటుకుని సందులోకి వెళ్లిన పైపు దగ్గర పట్టిన సీసాయే ఫెయిలయ్యేది. శుద్ధి చేసిన నీళ్లు చెడేది దాదాపు ఎప్పుడూ ఆఖరి మలుపులోనే. ఆర్వీకి ఆ ఆఖరి మలుపు ఈ పైపే. దాన్ని కొనేదీ, కడిగేదీ, ఎండలో పారేసేదీ కూడా మనమే. తిట్టుకోవడానికి మున్సిపాలిటీ కూడా ఉండదు.

ఆకుపచ్చ పైపు తప్పేమిటంటారా? మొక్కలకి నీళ్లు పెట్టడానికి అది బంగారం లాంటిది. అది ఎక్కువగా పీవీసీతో చేస్తారు. పీవీసీ సహజంగా గట్టి పదార్థం, దాన్ని చుట్ట చుట్టడానికి వీలుగా మెత్తబరచాలంటే థాలేట్ల వంటి రసాయనాలు కలుపుతారు. కొసన ఉండే ఇత్తడి బిళ్లలో సీసం ఉండొచ్చు. మిషిగన్‌లోని ఎకాలజీ సెంటర్ అనే సంస్థ 2012లో దుకాణాల్లో దొరికే గార్డెన్ పైపులు కొని పరీక్షిస్తే సీసమూ, థాలేట్లూ బయటపడ్డాయి. పైపులో నీళ్లు నింపి ఎండలో ఉంచితే అవి నీళ్లలోకి దిగాయి కూడా. మరి ప్రభుత్వం ఊరుకుంటుందా అని మా అల్లుడు అడిగాడు. తాగునీటికి వాడే సామానులో, నీళ్లు తగిలే భాగాల్లో సీసం సగటున 0.25 శాతానికి మించకూడదని 2014 జనవరి నుంచి అమెరికాలో చట్టం అమల్లో ఉంది. కానీ తోటకి నీళ్లు పెట్టే సామానుకి ఆ చట్టమే మినహాయింపు ఇచ్చింది. ఆకుపచ్చ పైపు అట్ట మీద ‘దీనితో నీళ్లు తాగకండి’ అని చిన్నక్షరాల్లో ఉంటుంది. ఆ అట్ట చించి పారేశాక ఎవరికి గుర్తుంటుంది?

తాగునీటి పైపులు తెల్లగానో నీలంగానో వస్తాయి. అది అలవాటుగా వచ్చిన రంగే తప్ప హామీ కాదు. ‘డ్రింకింగ్ వాటర్ సేఫ్’ అన్న మాట కంటే నేను ఎన్‌ఎస్‌ఎఫ్ 61 అనే అంకె కోసం వెతుకుతాను. పైపులోంచి నీళ్లలోకి ఏం దిగుతోందో పరీక్షించే ప్రమాణం అది. సీసం లెక్క చూసేది 372. ఈ రెండూ అట్ట మీద ఉంటే ఇంక ఏ కంపెనీ అయినా ఒకటే నాకు. పారదర్శకంగా, లోపల నీళ్లు కనబడేవి చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి గానీ వెలుతురు తగిలి లోపల నాచు పడుతుంది. గుడ్డ తొడుగుతో, నీళ్లు లేనప్పుడు చదునుగా చుట్టుకుపోయే రకాలు తేలిక, తక్కువ చోటు పడతాయి. వాటి లోపలి గోడలు ఒకదానికొకటి అతుక్కుని తడి ఆరదని నాకు అవంటే అంత ఇష్టం లేదు. తడి ఆరని చోట ఏం పెరుగుతుందో చూస్తూ జీతం తీసుకున్నదాన్ని!

పొడుగు సంగతి. యాభై అడుగులది ఒకటి కొనే బదులు పాతిక అడుగులవి రెండు కొనమంటాను. చాలాచోట్ల ఒకటి సరిపోతుంది, రెండోది పొడిగా పెట్టెలో ఉంటుంది. లావు విషయానికొస్తే లోపలి వ్యాసం అరంగుళం ఉన్నవీ, అంగుళంలో ఎనిమిదింట అయిదు వంతులు ఉన్నవీ దొరుకుతాయి. రెండోదానిలో నీళ్ల ధార బాగుంటుంది. పాతిక అడుగుల అరంగుళం పైపులో సుమారు లీటరు నీళ్లు పడతాయి, లావుదానిలో లీటరున్నర. ఈ లెక్క బ్లీచ్ కలిపేటప్పుడు పనికొస్తుంది. ఇంకొకటి, ట్రెయిలర్ లోపలి ప్లంబింగ్ సున్నితమైనది. కొన్ని క్యాంపుగ్రౌండ్లలో నీళ్లు మహా ఒత్తిడితో వస్తాయి. ప్రెజర్ రెగ్యులేటర్ అనే చిన్న బిళ్లని కుళాయి దగ్గరే బిగిస్తే పైపుకీ రక్షణ, ట్రెయిలర్‌కీ రక్షణ.

“ఫిల్టర్ కూడా పెట్టాం కదా అత్తయ్యా, ఇంకెందుకు ఇంత హడావుడి?” అన్నాడు అల్లుడు, నీలంరంగు గొట్టంలాంటిది చూపించి.

“అది రుచి కోసం బాబూ. క్రిముల కోసం కాదు.”

లోపల ఉండేది బొగ్గు. వాసన, రుచి, క్లోరిన్ పీల్చేస్తుంది. క్లోరిన్ నీళ్లకి కాపలా. కాపలావాణ్ణి గుమ్మంలోనే పంపించేసి, ఆ నీళ్లని ట్యాంకులో వారాలపాటు నిలవ ఉంచడం నాకు నచ్చదు. అందుకే ట్యాంకు నింపేటప్పుడు బొగ్గు ఫిల్టర్ తీసేయించాను. రుచి కావాలంటే వంటగది కుళాయికి పెట్టుకోమన్నాను. నేరుగా లైను నీళ్లు వాడేటప్పుడు పెట్టుకున్నా, పైపు మొదట్లో కాక ట్రెయిలర్ వైపు కొసన పెట్టాలి. అప్పుడు పైపు పొడుగునా క్లోరిన్ ఉంటుంది.

క్లోరిన్ వాసనంటే అక్కడి మనవాళ్లు తెగ విసుక్కుంటారు, ముఖ్యంగా మార్చిలో. ఫ్రిస్కో, ప్లానో, అలెన్, మెకిన్నీ ఊళ్లకి నీళ్లిచ్చేది నార్త్ టెక్సాస్ మున్సిపల్ వాటర్ డిస్ట్రిక్ట్. వాళ్లు ఏడాదంతా క్లోరిన్‌కి కాస్త అమ్మోనియా కలిపి క్లోరమైన్‌గా పంపుతారు. అది మెల్లగా పనిచేస్తుంది, దూరాలకి నిలుస్తుంది, వాసన తక్కువ. ఏటా వసంతంలో కొన్నివారాలు అమ్మోనియా ఆపి ఒట్టి క్లోరిన్ పంపిస్తారు, పైపుల లోపల పట్టినదంతా వదలడానికి. అంతటి పెద్ద వ్యవస్థే ఏడాదికోసారి తన పైపులు శుభ్రం చేసుకుంటుంటే, మన పాతిక అడుగుల పైపుని ఎప్పుడూ ముట్టుకోమా?

ఇప్పుడు శుభ్రం చేసే పద్ధతి. ముందు కడగాలి, తర్వాతే క్లోరిన్. చాలామంది తిరగేసి చేసేది ఇక్కడే. తడి పైపు లోపల వేలితో రుద్దితే జారుగా తగిలే పాచి పొర ఉంటుంది. క్రిములు ఆ జిగురు కప్పుకుని లోపల దాక్కుంటాయి. క్లోరిన్ ముందు ఆ జిగురుతో పోరాడి అక్కడే ఖర్చయిపోతుంది. కాబట్టి కుళాయి పూర్తిగా తిప్పి రెండు మూడు నిమిషాలు నీళ్లు జోరుగా పోనివ్వాలి. రెండు కొసల బిళ్లల్నీ సబ్బుతో, పాత టూత్‌బ్రష్‌తో తోమాలి. రబ్బరు వాషర్ తీసి దాని వెనక చూడండి, నల్లగా ఉంటే పారేసి కొత్తది వేయండి. అవి పైసల్లో దొరుకుతాయి.

తర్వాత ఒక గ్యాలన్, అంటే మూడు లీటర్ల ముప్పావు మంచినీళ్లలో ఒక టీస్పూను బ్లీచ్ కలపాలి. అక్కడి దుకాణాల్లో దొరికే మామూలు బ్లీచ్‌తో ఇది లీటరుకి 60 నుంచి 100 మిల్లీగ్రాముల క్లోరిన్ అవుతుంది. తాగేనీటిలో అమెరికా పర్యావరణ సంస్థ ఒప్పుకునే గరిష్ఠం 4 మిల్లీగ్రాములు, దాంతో పోల్చుకుంటే దీని ఘాటు తెలుస్తుంది. బ్లీచ్ వాసన నూనెలు కలపనిదై ఉండాలి. చిందకుండా చిక్కగా చేసిన రకం వద్దు, అది బట్టల కోసం. సీసా మీద తేదీ చూడండి. టెక్సాస్ ఎండలకి గరాజ్‌లో మగ్గిన పాత బ్లీచ్‌లో సత్తువ సగం కూడా ఉండకపోవచ్చు. మన ఊళ్లో తడి తగిలిన బ్లీచింగ్ పౌడర్ బస్తాకి పట్టే గతే ఇది.

కలిపిన బ్లీచ్ నీళ్లని పైపులోకి గరాటుతో పోయాలి. చుట్ట చుట్టిన పైపులో పోస్తే మధ్యమధ్య గాలి బుడగలు నిలిచి, అక్కడ మందు తగలదు. నేల మీద పొడుగ్గా పరిచి, ఒక కొస ఎత్తిపట్టి, రెండో కొస నుంచి నీళ్లు వచ్చేదాకా పోసి, ఆ రెండు కొసల్నీ ఒకదానికొకటి బిగించేయాలి. ఒక కొస మగ, ఒక కొస ఆడ కాబట్టి చక్కగా కుదురుతాయి. అలా నీడలో నాలుగు గంటలు వదిలేయండి. క్లోరిన్ పనికి మోతాదు ఎంత ముఖ్యమో సమయం అంతే ముఖ్యం. అయిదు నిమిషాల్లో కడిగేసి అయిపోయిందనుకునే వాళ్లకి నా దగ్గర ఓపిక లేదు. ఆ తర్వాత వాసన పోయేదాకా నీళ్లు వదలాలి. ఈతకొలనుల వాళ్లు వాడే పరీక్ష కాగితాలు దొరుకుతాయి, ఒకటి ముంచి రంగు చూస్తే అనుమానం ఉండదు.

ట్యాంకూ లోపలి పైపులూ కూడా శుభ్రం చేయాలంటే పదిహేను గ్యాలన్ల ట్యాంకుకి పావుకప్పు బ్లీచ్ లెక్క. దాన్ని ముందు నీళ్లలో కలిపి పోయాలి. ఫిల్టర్లన్నీ ముందే తీసేయాలి. ప్రతి కుళాయీ, వేడినీళ్లదీ చన్నీళ్లదీ, షవరూ వాసన వచ్చేదాకా తిప్పి, కట్టేసి, కొన్ని గంటలు ఉంచి ఖాళీ చేసి మళ్లీ నింపి కడగాలి. గీజర్ స్విచ్ మాత్రం ముందే ఆపండి. వెనిగర్‌తోనూ కడుగుదామని అమ్మాయి అంది. కడుక్కోవచ్చు, వేరే రోజు. బ్లీచ్‌తో ఆమ్లం కలిస్తే విషవాయువు వస్తుంది.

పైపు ఎంత శుభ్రంగా ఉన్నా దాన్ని తగిలించే కుళాయి మాటేమిటి? ఒక క్యాంపుగ్రౌండ్‌లో పక్క చోటివాళ్లు బయల్దేరే ముందు చూశాను. మరుగుదొడ్డి ట్యాంకు ఖాళీ చేసే లావాటి గొట్టాన్ని తాగునీటి కుళాయి మూతికి ఆనించి కడుక్కుని, చేతులు దులుపుకుని వెళ్లిపోయారు. కాసేపట్లో ఇంకెవరో వచ్చి ఆ కుళాయికే తెల్ల పైపు బిగించారు. అందుకే మావాళ్ల సామాన్లలో బ్లీచ్ నీళ్ల స్ప్రే సీసా ఒకటి చేర్చాను. కుళాయి మూతికి కొట్టి, కొన్ని నిమిషాలు ఆగి, నీళ్లు వదిలి, అప్పుడు పైపు తగిలించాలి. వ్యర్థాలు ఖాళీ చేసే డంప్ స్టేషన్లో కూడా కుళాయి ఉంటుంది. అది గొట్టాలు కడగడానికే, ‘తాగడానికి కాదు’ అని బోర్డు కూడా ఉంటుంది. ఆ పనికి వేరే రంగు పైపు, వేరే పెట్టె, వేరే చేతి తొడుగులు. ఈ విషయంలో మడి పాటించమని అమ్మాయికి చెబితే నవ్వింది గానీ పాటిస్తోంది.

ఇంకో సంగతి, మన ఇళ్లలో జలనేతి చేసేవాళ్ల కోసం ప్రత్యేకంగా చెబుతున్నాను. టెక్సాస్‌లోనే 71 ఏళ్ల ఒకావిడ క్యాంపుగ్రౌండ్‌లో ఆర్వీ కుళాయి నీళ్లతో ముక్కు కడుక్కుంది. నాలుగు రోజుల్లోనే జ్వరం, తలనొప్పి మొదలయ్యాయి, లక్షణాలు కనిపించిన ఎనిమిదో రోజుకి చనిపోయింది. నేగ్లీరియా ఫౌలేరి అనే అమీబా మెదడుకి చేరింది. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2025లో ఈ కేసు వివరాలు ప్రచురించింది. ఆ అమీబాకి వెచ్చటి నీళ్లంటే ఇష్టం. తాగితే ఏమీ చేయదు, ముక్కులోంచి వెళితేనే ప్రమాదం. అంతకుముందు 2020లో లేక్ జాక్సన్ అనే ఊళ్లో ఆరేళ్ల పిల్లవాడు ఇదే జబ్బుతో పోయినప్పుడు వాళ్లింటి బయటి కుళాయి నీళ్లలో కూడా అది దొరికింది. ఇది చాలా అరుదైన జబ్బు. అయినా మధ్యాహ్నపుటెండలో గంటలకొద్దీ పడున్న పైపులో నీళ్లు గోరువెచ్చగా ఉంటాయి, అందులో క్లోరిన్ దాదాపు అయిపోయి ఉంటుంది. నేతికి నీళ్లు కనీసం ఒక నిమిషం తెర్లించి, చల్లార్చి వాడాలి. 6,500 అడుగులు దాటిన కొండప్రాంతాల్లో మూడు నిమిషాలు. పిల్లలకి పైపుతో మొహం మీద నీళ్లు కొట్టుకునే ఆట కూడా వద్దు, కనీసం ఎండలో కాగిన మొదటి రెండు లీటర్లు పోనిచ్చాక ఆడుకోనివ్వండి.

పైపు విప్పాక లోపలి నీళ్లన్నీ కారిపోయేలా ఒక కొస నుంచి భుజం మీదుగా ఎత్తుకుంటూ రావాలి. ఆరాక కొసలు రెండూ కలిపి బిగించి, మూతపెట్టె లోపల, ఎండ తగలనిచోట పెట్టాలి. ఊరికే పారేస్తే సాలీళ్లూ కందిరీగలూ కాపురం పెడతాయి. గట్టిబడినా, మెలిపెట్టినచోట తెల్లగా పగుళ్లు కనిపించినా, కడిగినా ప్లాస్టిక్ వాసన పోకపోయినా మార్చేయాల్సిందే. ట్రెయిలర్‌కి పెట్టిన డబ్బుతో పోలిస్తే కొత్త పైపు ఖర్చు ఏ మూలకి? అయితే పాత తెల్ల పైపుని కారు కడగడానికి ఉంచుకుంటే దాని రెండు కొసలకీ ఎర్ర టేపు చుట్టండి. లేకపోతే వచ్చే సెలవులకి ఎవరో ఒకరు తెల్లగా ఉంది కదా అని మళ్లీ ట్రెయిలర్‌లో పడేస్తారు.