చెట్టెక్కువానికి యోగ్యతాపత్రమా?

యోగ్యతాపత్రమన్న మాట వినగానే మనకు పాఠశాలలును, పరీక్షలును, గోడకు వ్రేలాడు అద్దపు చట్రములును జ్ఞప్తికి వచ్చును. కొబ్బరిచెట్టెక్కి కాయ దింపువానికి యోగ్యతాపత్రమేమిటని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. మేమును మొదట నవ్వినవారమే. గత శ్రావణమాసమున వరలక్ష్మీవ్రతమునకు కాయలు దింపించుకొను వేళ మా పెరటిలో జరిగిన సంభాషణ యొకటి మా నవ్వును మాన్పినది. ఆ సంగతి మీతో ముచ్చటించుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా యుప్పాడ సముద్రపుటొడ్డు గ్రామము. 2022వ సంవత్సరము వరకు తూర్పు గోదావరి జిల్లాలోనిది. ఇప్పుడు కాకినాడ జిల్లాలోనిది. ఒక వీధిలో మగ్గముల చప్పుడు, ఒక వీధిలో వలల ఆరబోత, ఎటు చూచినను కొబ్బరిచెట్లు. కెరటములు ఏటేట ఒడ్డును కోయుచుండుటచే ఇండ్లును చెట్లును గూడ కడలిపాలగుచున్నవి. మిగిలిన చెట్లలో గాలికి వంగి యింటికప్పుల మీదికి వాలినవి పెక్కులున్నవి. కావున మాకు చెట్టుపని తెలిసినవాడు వైద్యునివలెనే యవసరమైనవాడు.

మా వీధికి ఆ పని చేయువారు అన్నదమ్ములిద్దరు. రెండు మోకులు, నాలుగు కత్తులు, ఒక పాత మోటారుసైకిలు. వారి వ్యాపారమంతయు నింతే. కాయ దింపుదురు, మొవ్వు శుభ్రము చేయుదురు, ఇంటిపై వాలిన చెట్టును తల మొదలుకొని ముక్కముక్కగా కోసి త్రాళ్లతో దింపుదురు. నాలుగేండ్ల క్రిందట వానకు తడిసిన చెట్టుపైనుండి అన్న జారిపడి నడుము విరుగగొట్టుకొనెను. చెట్టుగల యింటివారు తమకు తోచినది యిచ్చిరి. అది ఆసుపత్రి గడప దాటులోపలనే చెల్లిపోయెను. నాటినుండి యాతడు అరుగు దిగలేదు. ఆతని యిల్లాలు మగ్గములవారి యిండ్లలో ఆసు పోయుచు సంసారము నీడ్చుచున్నది.

ఆ శ్రావణమున తమ్ముడు గెల దింపి, చెమట తుడుచుకొని, మమ్ము ఇట్లడిగెను:

“అమ్మగారూ, కొబ్బరిబోర్డువాళ్ళు ఆరు రోజులు నేర్పి కాగితం ఇస్తారంటండి. ఆరు రోజులు పని మానుకుంటే ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుద్దండీ? పోనీ మానుకున్నాననుకోండి, ఆ కాగితం చూసి చెట్టుకి ఒక్క రూపాయి ఎక్కువిచ్చేవాళ్ళు ఈ ఊళ్ళో ఉన్నారాండీ?”

మాకు వెంటనే యుత్తరము తోచలేదు. ఆ సాయంకాలము మావారు బడినుండి వచ్చిన పిమ్మట చెప్పితిమి. “అతడడిగినది లెక్క. లెక్కకు లెక్కతోనే జవాబు చెప్పవలె”నని వారనిరి. అంతట మేమిద్దరమును కొన్నాళ్లు చదివియు, తెలిసినవారి నడిగియు సంగతులు కూర్చితిమి.

చెట్టుకు వైద్యము, ఆ వైద్యమునకు శాస్త్రము అనునవి మనకు క్రొత్తవి కావు. ఆరవ శతాబ్దమునాటి వరాహమిహిరుడు బృహత్సంహితలో వృక్షాయుర్వేదమున కొక యధ్యాయమునే కేటాయించెను. సురపాలుడు ఆ పేరిట ప్రత్యేక గ్రంథమే రచించి, మనుష్యులకు వలెనే చెట్లకును వాతపిత్తకఫములచే రోగములు గలుగునని చెప్పెను. ఆ గ్రంథపు వ్రాతప్రతి ఆక్స్‌ఫర్డు నగరమందలి బోడ్లియను గ్రంథాలయమున నుండగా, నళినీ సాధలేగారి యాంగ్లానువాదముతో 1996లో మన సికిందరాబాదునుండియే వెలువడినది. వైద్యునకు శాస్త్రమును చేతిపనియు రెండును గావలెనని సుశ్రుతుని మతము. మా వీధివానికి చేతిపని పుష్కలముగా నున్నది. శాస్త్రమో, తండ్రి చెప్పినంత మాత్రమే.

పడమటి దేశములవారు ఈ రెంటిని జతపరచుటకు పరీక్షలు పెట్టిరి. ఇంగ్లండులో వృక్షసంరక్షకుల సంఘము 1964లో నేర్పడినది. అది చెట్లపని చేయు సంస్థలను పరిశీలించి, తగినవారిని ఆమోదించిన గుత్తేదారులుగా ప్రకటించును. అమెరికాలో కేంద్రముగల అంతర్జాతీయ వృక్షసంరక్షక సమాజము 1992 నుండి వ్యక్తులకు పరీక్ష పెట్టి పత్రము లిచ్చుచున్నది. ఆ పరీక్షకు గూర్చుండవలెనన్న సామాన్యముగా మూడేండ్ల యనుభవముండవలెను. ఆ పత్రమును శాశ్వతము కాదు. మూడేండ్లకొకసారి క్రొత్తగా నేర్చినది చూపి పునరుద్ధరించుకొనవలెను. ఒకనాడు నేర్చితినని కలకాలము నేర్పరినే యనుకొనరాదను నీతి యిందులో నున్నది. కాని యిద్దరు మనుష్యులు నడుపుకొను చిన్న వ్యాపారమునకు రుసుములు, పుస్తకములు, పోయిన పనిదినములు అన్నియు బరువే.

మన దేశమున మా వీధివాని పనికి సరిపడు ఏర్పాటు కొబ్బరి అభివృద్ధి మండలివారిది. ఈ మండలి 1981లో కొచ్చిలో వెలసినది. కేరళమున చెట్లెక్కువారు కరవై కాయలు చెట్లమీదనే యెండిపోవు కాలము వచ్చినప్పుడు, మండలివారు 2011 ఆగస్టులో ‘కొబ్బరిచెట్టు మిత్రులు’ అను శిక్షణ నారంభించిరి. పిమ్మట ఇతర రాష్ట్రములకును విస్తరించిరి. శిక్షణ ఆరు దినములు. కాళ్ల క్రింద మెట్లవలె నమరు చిన్న యంత్రముతో నెక్కుటయు, మొవ్వు శుభ్రపరచుటయు, పురుగులను తెగుళ్లను గుర్తుపట్టుటయు, విత్తనపు కాయ నేర్పరచుటయు అందులో చెప్పుదురు. సోదరీమణులు వినదగిన మాట యొకటి: కేరళమున స్త్రీలును పలువురు ఈ యంత్రముతో చెట్లెక్క నేర్చి సంపాదించుకొనుచున్నారు.

ఇక ఆ యారు దినముల చదువు మన పెరటికి చేయు మేలేమి? చెట్టెక్కువాడు కాలు మోపుటకని బోదెపై గంట్లు పెట్టుట మీరు చూచియే యుందురు. ఆ గాయపు వాసనకే ఎర్రముక్కు పురుగు వచ్చి గ్రుడ్లు పెట్టును. పిల్లపురుగులు లోపల గుజ్జు తినుచుండగా పైకి చెట్టు పచ్చగానే కనబడును. వాడుట మన కంటబడునప్పటికి చెట్టు తరచుగా దక్కదు. పచ్చి మట్టను మొదటికంట కోయుటయు నిట్టిదే. కోయక తప్పనప్పుడు బోదెనుండి నాలుగడుగుల మట్ట విడిచి కోయవలెనని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. పెరడు చక్కగా కనబడునని పచ్చి కమ్మలను నరికించు యిల్లాండ్రును గలరు. ప్రతి కమ్మ మొదటను ఒక పూగుత్తి పుట్టును. కమ్మ నరికించుట రాబోవు గెలను నరికించుటయే.

మరియు, విప్పారిన కమ్మ విసనకఱ్ఱవలె కత్తిరించినట్లున్నచో కొమ్ముపురుగు మొవ్వులో నున్నదని తెలిసినవాడు వెంటనే పోల్చి, ఇనుప కొంకితో బయటికి లాగును. దాని పిల్లలు మన పేడకుప్పలోనే పెరుగునని చెప్పి కుప్పను తిరగవేయించును. మొదట బోదె పగిలి యెఱ్ఱని రసము కారుచుండినచో గానోడెర్మా తెగులని గుర్తించి, కందకము త్రవ్వించి ఆ చెట్టును వేరుపరపించును. వేపపిండియు ట్రైకోడెర్మా శిలీంధ్రమును పాదునకు వేయింపుమని చెప్పును. ఇవి తెలియనివాడు చెట్టెక్కి కాయ కోసి కూలి పుచ్చుకొని పోవును. నెలకొకసారి మన చెట్టు మొవ్వును కన్నులార చూచువాడు వాడొక్కడే. వాని కన్నులకు చదువున్నచో మన పెరటికి వైద్యుడున్నట్లే. 1996 నవంబరు 6వ తేదీ తుపాను కోనసీమ తోటలను నేలగూల్చిన నాటి కష్టము మా పెద్దలు నేటికిని చెప్పుకొందురు. పోయిన చెట్టు తావున నాటిన దేశవాళి మొక్క కాపునకు వచ్చుటకు ఆరేడేండ్లు పట్టును. చెట్టును కాపాడుకొనుటయే చౌక.

ఇంతవరకు మన లాభము చెప్పితిమి. వాని లాభమేమి? ఇచ్చట సత్యము చెప్పవలెను. కాగితము కూలిని పెంచదు. చిన్ననాటినుండి మోకుతో నెక్కువానికి యంత్రము నెమ్మదిగను నుండును. కాగితము లేని నేర్పరులు కలరు; కాగితముండియు చేతగానివారును నుందురు. రేపు కాగితము లేనివానిని చెట్టెక్కనీయమని కట్టడి చేసినచో, తాతలనాటి విద్య గల పేదవాడే ముందుగా గెంటబడును. అది న్యాయము కాదు.

మా యూరికి ఇట్టి ముద్రల సంగతి క్రొత్త కాదు. ఉప్పాడ జాందానీ చీరకు 2009లో భౌగోళిక గుర్తింపు లభించినది. నాడు వీధివీధిని సంబరము జరిగెను. ఆ ముద్ర నేతగానికి గౌరవము నిచ్చినది, నిజమే. కాని కొనునామె “ఇది మగ్గముపై నేసినదేనా? రెండువైపుల బుటా యొక్కటిగా నున్నదా?” యని యడిగి, అందుకు తగిన వెల యిచ్చినప్పుడే ఆ గౌరవము అన్నమగును. అడుగక చౌకచీర కొనినచో ముద్ర పెట్టెలోనే యుండును. చెట్టెక్కువాని యోగ్యతాపత్రమును నంతే.

అయినను మా విచారణలో నొక సంగతి తేలినది. చెట్టెక్కువారికై మండలివారు ‘కేర సురక్ష’ యను ప్రమాదబీమా నడుపుచున్నారు. అది శిక్షణ పొందినవారికే గాక సంప్రదాయముగా ఎక్కువారికిని వర్తించును. ప్రీమియములో పెద్దవంతు మండలియే భరించును. మిగిలిన చిన్నవంతు ఎక్కువాడు చెల్లించి ఏటేట పునరుద్ధరించుకొనవలెను. అనగా పత్రము లేకున్నను బీమా పొందవచ్చును. ఈ ముక్క నాలుగేండ్ల క్రిందట మా వీధిలో నెవరికిని తెలియదు. తెలిసియున్నచో అరుగుమీది యన్నగారి సంసారము మరియొక విధముగ నుండెడిది. తెలియకపోవుట ఆతని తప్పు మాత్రమే యనుకొందుమా? ఆతనిచేత కాయలు దింపించుకొన్న మేము చదువుకొన్నవారమే కదా!

కావున తమ్మునికి మేము చెప్పిన యుత్తరమిది: “నాయనా, ముందు బీమా. అది ఈ నెలలోనే కావలెను. కాగితము తరువాత. ఆ కాగితము గోడకు తగిలించుట కయితే ఆరు దినముల కూలి దండుగ. పురుగును పోల్చుట నేర్చి, చెట్టుపని దింపుతో ఆగక వైద్యము వరకు సాగుట కయితే దండుగ కాదు. కాయ దింపుటకొక కూలి, మొవ్వు పరీక్షించి మందు పెట్టుటకొక కూలి అడుగవచ్చును.”

ఆతడు కొంతసేపూరకుండి, “అడగటం నావంతండి. ఇవ్వటం ఎవరివంతండీ?” యనెను.

ఆ మాట మాకు చురుక్కున తగిలినది. మరునాడు మా వీధి యిల్లాండ్రము ఎనమండుగురము వత్తులు చేసికొనుచు ఈ మాటయే ముచ్చటించితిమి. ఒక యత్తగారు, “మా కాలంలో ఈ బీమాలన్నీ ఉన్నాయటమ్మా?” యని విసుగుకొనిరి, అరుగుమీది యాతని పేరెత్తగానే యూరకుండిరి. తుదకు ఇట్లు నిశ్చయించుకొంటిమి: అన్నదమ్ముల యింటి బీమా వంతు ఏటేట మా యెనిమిది యిండ్లవారము పంచుకొని కట్టవలెను, ఆతడు శిక్షణకు వెళ్లు వారమున ముందుగానే దింపు కూలిలో కొంత బయానాగా నీయవలెను, నేర్చి వచ్చిన పిమ్మట మొవ్వు పరీక్షకు వేరుగా కూలి నీయవలెను, వాన వెలిసిన దినమున నెవరును చెట్టెక్కుమని తొందరపెట్టరాదు. లెక్క చూడగా ఒక్కొక్క యింటికి పడునది పండుగనాటి పూలఖర్చుకంటె తక్కువ.

సోదరీమణులారా! చిన్నవ్యాపారికి యోగ్యతాపత్రము ప్రయోజనకరమా యన్న ప్రశ్నకు జవాబు పరీక్ష పెట్టువారి చేతిలో సగమే యున్నది. మిగిలిన సగము పని చేయించుకొను మన చేతిలో నున్నది. ఇకమీదట మీ పెరటిలో చెట్టెక్కుటకు వచ్చినవాని కూలి బేరమాడుటకు ముందు, “బీమా ఉన్నదా నాయనా? మొవ్వు చూడ నేర్చితివా?” యని రెండు మాట లడుగుడు. ఉన్నదన్నవానికి ఒక రూపాయి యెక్కువ నిండు. లేదన్నవానిని పంపివేయక, ఎట్లు పొందవలెనో చెప్పుడు.

సంక్రాంతి వెళ్లిన పిమ్మట తమ్ముడు శిక్షణకు పోవుటకు సిద్ధపడియున్నాడు. బీమా కాగితము మాత్రము మొన్ననే వచ్చినది. దానిని వాని వదినగారు మా యింటికి తెచ్చి, “పంతులుగారిచేత చదివించండమ్మా” యనెను. మావారు చదివి వినిపించుచుండగా నామె కన్నీరు పెట్టుకొనలేదు. తేదీ మాత్రము రెండుసారులు అడిగి, వ్రేళ్లపై లెక్కించుకొని, తిరిగి ఎప్పుడు కట్టవలెనో గుర్తు పెట్టుకొని పోయినది.