ఉన్నట్టుండి బిగుసుకుపోయే కంప్యూటర్

పూర్తిగా చెడిపోయిన కంప్యూటర్‌లో తప్పు పట్టుకోవడం అంత కష్టం కాదు. మీట నొక్కినా ఉలుకూ పలుకూ లేని యంత్రంలో ఒక్కో భాగాన్నీ మార్చి చూస్తూ పోతే, అది లేచిన క్షణాన తప్పు ఎక్కడుందో తెలిసిపోతుంది. రెండు రోజులు శుభ్రంగా పనిచేసి, మూడో రోజు సాయంత్రం హ్యాంగ్ అయ్యే కంప్యూటర్ సంగతి వేరు. ఒక భాగం మార్చాక అది ఆగకుండా నడుస్తుంటే బాగుపడినట్టా, లేక ఆగే ఘడియ ఇంకా రాలేదనుకోవాలా? ఇంటి కంప్యూటర్‌కు వచ్చే ఈ జబ్బులో అసలు చిక్కు ఈ ప్రశ్నలోనే ఉంది.

కారణం లేకుండా ఆగే యంత్రం ఉండదు. కారణం మన కంటికి ఆనని చోట ఉంటుంది, అంతే. విండోస్ 95, 98 తాము మొదలైనప్పటి నుంచి గడిచిన కాలాన్ని మిల్లీసెకన్లలో లెక్కపెట్టుకునేవి. ఆ లెక్కకు కేటాయించిన గడి 32 బిట్లది. అందులో 429 కోట్ల 49 లక్షల దాకా మాత్రమే పడుతుంది. రోజుల్లోకి మారిస్తే 49.7 రోజులు. గడి నిండి లెక్క మళ్లీ సున్నాకు రాగానే, దాన్ని నమ్ముకున్న భాగాలు తికమకపడి కంప్యూటర్ హ్యాంగ్ అయ్యే అవకాశం ఉండేది. ఏడు వారాలు ఆపకుండా నడిపేవారు అరుదు కనుక ఈ తప్పు చాలాకాలం ఎవరి కంటా పడలేదు.

క్రూషియల్ ఎం4 అనే ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే పళ్లెం లేని డిస్క్, కథ ఇంకా స్పష్టమైనది. మొత్తం 5,184 గంటలు పనిచేశాక అది ఒక్కసారిగా స్పందించడం మానేసేది. కంప్యూటర్‌ను ఆపి మళ్లీ వేస్తే లేచేది, గంట తర్వాత మళ్లీ అదే వరస. 2012 జనవరిలో కంపెనీ ఫర్మ్‌వేర్‌ను, అంటే పరికరంలోనే ఇమిడి ఉండే చిన్న ప్రోగ్రామ్‌ను, సవరించి ఆ లోపాన్ని సరిదిద్దింది. రోజుకు 8 గంటలు వాడే ఇంట్లో 5,184 గంటలు నిండడానికి ఏడాదీ తొమ్మిది నెలలు పడుతుంది. ఆ ఇంటివారికి అది ఆకాశం నుంచి ఊడిపడిన రోగంలాగే కనిపించి ఉంటుంది.

అందుకే స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు చూడవలసినవి కొన్ని ఉన్నాయి. వాటిని చూడడానికి అసలైన సమయం కంప్యూటర్ బిగుసుకుపోయి ఉన్నప్పుడే. ఆ క్షణంలో మనలో చాలామంది కోపంతో పవర్ బటన్ నొక్కి పట్టుకుంటాం. ఉన్న ఒక్క ఆధారమూ దానితో పోతుంది. రెండు నిమిషాలు ఓపిక పట్టడం మంచిది.

ముందు మౌస్ కదిపి చూడండి. బాణం గుర్తు కదులుతూ ఉండి, ఏది నొక్కినా తెరుచుకోకపోతే, ప్రాసెసర్ బతికే ఉంది, దేనికోసమో ఎదురుచూస్తోంది. ఒకటి రెండు నిమిషాల తర్వాత మీరు నొక్కినవన్నీ ఒకేసారి తెరుచుకున్నాయా? అయితే మొదటి అనుమానం డిస్క్ మీద. చెడిపోయిన చోటు తగిలితే మామూలు హార్డ్ డిస్క్ దాన్ని పదేపదే చదవడానికి ప్రయత్నిస్తుంది. అంతసేపూ విండోస్ నిలబడిపోతుంది.

బాణం కూడా కదలకపోతే కీబోర్డు మీద క్యాప్స్ లాక్ నొక్కండి. దాని దీపాన్ని సాధారణంగా కీబోర్డు తనంతట తాను వెలిగించదు. మీట నొక్కిన సమాచారం కంప్యూటర్‌కు వెళ్లి, అక్కడి నుంచి ఆజ్ఞ తిరిగి వస్తేనే వెలుగుతుంది. కనుక దీపం వెలిగి ఆరుతుంటే లోపల ఆపరేటింగ్ సిస్టమ్ పనిచేస్తూనే ఉంది, తెర మాత్రమే ఆగింది. అప్పుడు విండోస్ మీట, కంట్రోల్, షిఫ్ట్, బీ నాలుగూ కలిపి నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది. డ్రైవర్ అంటే ఒక పరికరానికీ విండోస్‌కూ మధ్య నిలిచి మాట అందించే ప్రోగ్రామ్. తెర ఒకసారి నల్లబడి తిరిగి వచ్చిందంటే వెతుకులాట గ్రాఫిక్స్ వైపు మొదలుపెట్టవచ్చు.

క్యాప్స్ లాక్ దీపం కూడా మొండికేస్తే యంత్రం లోతుగా ఆగింది. పాట వింటుండగా ఇలా జరిగితే ఒకే ముక్క గరగరమంటూ మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. సౌండ్ కార్డు తన దగ్గరున్న చివరి ముక్కనే తిప్పి తిప్పి వినిపిస్తోందని, కొత్త ముక్క అందించేవారు లేరని దానర్థం. ఇక్కడ అనుమానం ర్యామ్, విద్యుత్ సరఫరా, మదర్‌బోర్డు, ప్రాసెసర్, లేదా లోతైన డ్రైవర్ మీదికి మళ్లుతుంది.

చూసినదాన్ని కాగితం మీద పెట్టండి. తేదీ, వేళ, నడుస్తున్న ప్రోగ్రామ్, ఆన్ చేసి ఎంతసేపయింది, అప్పుడే కరెంటు పోయి వచ్చిందా, గది ఎంత వేడిగా ఉంది. నాలుగైదు సార్లు రాశాక, జ్ఞాపకంలో కనపడని పోలిక కాగితం మీద కనపడుతుంది. మన జ్ఞాపకం కోపం తెప్పించిన సందర్భాలనే దాచుకుంటుంది. ఎవరూ లేనప్పుడు ఆగిన సందర్భాలను వదిలేస్తుంది.

విండోస్ కూడా తన చిట్టా తాను రాసుకుంటుంది. దాన్ని చూపించేది ఈవెంట్ వ్యూయర్. అందులో కెర్నల్-పవర్ 41 అనే ఎర్ర గుర్తు చూసి, అదే రోగం అనుకునేవారు ఎక్కువ. అది రోగం కాదు. కిందటిసారి కంప్యూటర్ పద్ధతి ప్రకారం ఆగలేదని, మళ్లీ లేచాక విండోస్ రాసుకున్న మాట అది. మీరు పవర్ బటన్ నొక్కిపట్టి ఆపినా అదే రాస్తుంది. చదవవలసింది దానికి ముందున్న నిమిషాలను. డిస్క్‌కు సంబంధించిన 7, 129, 153 సంఖ్యలు కనిపిస్తే డిస్క్ గానీ దాని కేబుల్ గానీ ఇబ్బంది పెడుతున్నట్టు. డబ్ల్యూహెచ్‌ఈఏ-లాగర్ అన్న పేరు కనిపిస్తే హార్డ్‌వేరే స్వయంగా ఫిర్యాదు చేసినట్టు. ఏమీ లేకపోతే అదీ ఒక సమాచారమే. చిట్టా రాసుకునే వ్యవధి కూడా లేకుండా యంత్రం ఆగింది.

ఇక పరీక్షలు. మొదలుపెట్టే ముందు ఫోటోలు, పత్రాలు వేరే డిస్క్‌లోకి ఎక్కించండి. కొనప్రాణంతో ఉన్న డిస్క్‌ను పరీక్షల పేరుతో గంటల తరబడి తిప్పితే అది పూర్తిగా పోవచ్చు. కంప్యూటర్ మళ్లీ కొనుక్కోవచ్చు, పిల్లల ఫోటోలు కొనలేం.

డిస్క్‌కు స్మార్ట్ అనే సొంత ఆరోగ్య నివేదిక ఉంటుంది. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో వంటి ఉచిత ప్రోగ్రామ్ దాన్ని చూపిస్తుంది. హార్డ్ డిస్క్‌లో 5, 197, 198 నంబర్ల వరుసల్లో, ముడి విలువ సున్నా దాటి పెరుగుతూ ఉంటే డిస్క్ మార్చే సమయం వచ్చింది. 199వ వరుస మాత్రమే పెరుగుతుంటే డిస్క్ మంచిదే కావచ్చు, కేబుల్ మార్చి చూడాలి. డిస్క్ ఖరీదులో కేబుల్ ఖరీదు ఏపాటిది?

ర్యామ్ విషయంలో మనకు ఉండవలసినంత అనుమానం లేదని నా అభిప్రాయం. గూగుల్ సర్వర్లపై బియాంకా ష్రోడర్ బృందం 2009లో ప్రచురించిన అధ్యయనంలో, ఏడాదికి 8 శాతానికి పైగా ర్యామ్ పలకల్లో తప్పులు కనిపించాయి. ఆ సర్వర్లలో తప్పును పట్టి సరిచేసే ఏర్పాటు ఉంటుంది. ఇంటి కంప్యూటర్లలో సాధారణంగా ఉండదు. ఒక్క బిట్ తారుమారైతే, అది ఫోటోలో పడితే ఒక చుక్క రంగు మారుతుంది, విండోస్ గుండెకాయలో పడితే యంత్రం ఆగిపోతుంది. అందుకే ఒకే లోపం ఒకరోజు ఒకలా, మరోరోజు మరోలా కనిపిస్తుంది. మెమ్‌టెస్ట్86ను పెన్ డ్రైవ్‌లో వేసి రాత్రంతా నడపండి. ఉదయానికి ఒక్క తప్పు కనపడినా అది ఎక్కువే. రెండు పలకలుంటే విడివిడిగా పరీక్షించండి. ర్యామ్‌ను ప్రకటిత వేగానికి నడిపే ఎక్స్‌ఎంపీ అమరిక బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు లేచే మూల ప్రోగ్రామ్‌లో, ఆన్‌లో ఉంటే, ఆఫ్ చేసి మళ్లీ చూడండి.

ర్యామ్ తీసి పెన్సిల్ రబ్బరుతో రుద్ది పెట్టడం మన దగ్గర ప్రతి మెకానిక్ చేసే పని. అది చాలాసార్లు పనిచేస్తుంది. అయితే ఆ మేలులో చాలా భాగం పలకను తీసి గట్టిగా తిరిగి కూర్చోబెట్టడం వల్లనే కలుగుతుంది. రబ్బరు పొడి స్లాట్‌లో పడకుండా చూసుకోవాలి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన మెత్తటి గుడ్డ అంతకంటే నయం.

వేడి మీద నింద ఎక్కువ పడుతుంది. ఈనాటి ప్రాసెసర్ 100 డిగ్రీల దరిదాపులకు చేరితే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, అప్పటికీ తగ్గకపోతే కంప్యూటర్ ఆఫ్ అయిపోతుంది. కనుక ప్రాసెసర్ వేడి నెమ్మదించడంగా, ఆరిపోవడంగా కనిపిస్తుంది గానీ, బిగుసుకుపోవడంగా కనిపించడం తక్కువ. మిగతా భాగాలన్నిటికీ అంత రక్షణ లేదు. ఫ్యాన్ ఎంత తిరిగినా యంత్రం గది కంటే చల్లబడదు. 25 డిగ్రీల గదిలో 80 దగ్గర నడిచే భాగం, మే నెలలో 42 డిగ్రీల గదిలో 97 దగ్గర నడుస్తుంది. కంప్యూటర్ బల్ల కింద తలుపున్న చెక్క అరలో క్యాబినెట్ పెట్టే అలవాటు మానాలి. బ్లోయర్‌తో దుమ్ము ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకోండి. గాలికి మితిమీరి తిరిగితే దాని బేరింగు దెబ్బతింటుంది.

కరెంటు విషయం మన ఇళ్లలో ప్రత్యేకంగా చూడాలి. ఎస్‌ఎంపీఎస్, అంటే 230 వోల్టులను కంప్యూటర్‌కు కావలసిన చిన్న వోల్టేజీలుగా మార్చే డబ్బా, 12 వోల్టుల తీగపై వోల్టేజీని 11.4కూ 12.6కూ మధ్యే ఉంచాలి. కరెంటు పోయిన క్షణంలో దానిలోని కెపాసిటర్లు మంచి స్థితిలో ఉంటే సుమారు 16 మిల్లీసెకన్లు యంత్రాన్ని నిలబెడతాయి. యూపీఎస్ ఆ లోపలే అందుకోవాలి. ఎస్‌ఎంపీఎస్ పాతబడితే ఆ వ్యవధి తగ్గుతుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని మీద యూపీఎస్ మోడ్, నార్మల్ మోడ్ అని చిన్న స్విచ్ ఉండవచ్చు. నార్మల్‌లో ఫ్యాన్లకు, లైట్లకు ఇబ్బంది లేదు గానీ, మార్పిడి నెమ్మదిగా జరుగుతుంది, వోల్టేజీ బాగా పడిపోయినా అదే కరెంటు యంత్రానికి వెళ్తుంది. కంప్యూటర్ ఉన్న ఇంట్లో అది యూపీఎస్ మోడ్‌లో ఉండాలి. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఎవరూ విప్పకూడదు. ప్లగ్ తీశాక కూడా లోపల 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు.

పని లేనప్పుడు మాత్రమే ఆగే కంప్యూటర్లు కూడా ఉన్నాయి. ఖాళీగా ఉన్నప్పుడు ప్రాసెసర్ తన భాగాలను నిద్రపుచ్చి అతి తక్కువ కరెంటు తీసుకుంటుంది. ఆ తక్కువకు కొన్ని ఎస్‌ఎంపీఎస్‌లు నిలకడగా ఉండలేవు. తొలితరం ఏఎండీ రైజెన్ యంత్రాలలో ఇది బాగా తెలిసిన ఇబ్బంది. బయోస్‌లో పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్ అన్నచోట టిపికల్ కరెంట్ ఐడిల్ ఎంచుకుంటే చాలామందికి తగ్గింది. భోజనం చేసి వచ్చేసరికి ఆగి ఉంటోందని కాగితం మీద రాసుకున్నవారికే ఈ దారి తడుతుంది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు లెక్క చూద్దాం. సగటున మూడు రోజులకొకసారి హ్యాంగ్ అయ్యే కంప్యూటర్‌కు ర్యామ్ మార్చారు. మూడు రోజులు గడిచాయి, ఆగలేదు. ర్యామ్ తప్పు కాకపోయినా, కేవలం అదృష్టం వల్ల ఇలా జరిగే అవకాశం 37 శాతం. ఆరు రోజులు ఆగకపోతే సుమారు 14 శాతం, తొమ్మిది రోజులకు 5 శాతం. అంటే సగటు విరామానికి మూడు రెట్లు వేచి చూశాకే బాగైందని నమ్మకంగా అనగలం. ఒక గంట నడిపి చూసి బాగైపోయిందని చెప్పే మాటకు విలువ లేదు. ఒకేసారి మూడు భాగాలు మారిస్తే కంప్యూటర్ బాగుపడవచ్చు, ఏది మార్చినందుకో మాత్రం తెలియదు. రెండు మంచి భాగాలకు డబ్బు వృథాగా పోతుంది. ఒకసారికి ఒక్క మార్పే చేయాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

విండోస్‌ను ఫార్మాట్ కొట్టడం అన్నిటికంటే పెద్ద మార్పు. డ్రైవర్లు, ప్రోగ్రామ్‌లు, అమరికలు ఒక్క దెబ్బతో మారిపోతాయి, చిట్టా కూడా చెరిగిపోతుంది. దానికి ముందు ఉబుంటు వంటి లినక్స్‌ను పెన్ డ్రైవ్ నుంచి నడిపి, రోజువారీ పనులు దానిలో చేసుకోండి. అక్కడా బిగుసుకుపోతే ఫార్మాట్ వల్ల ఒరిగేది దాదాపు ఏమీ లేదు, లోపం హార్డ్‌వేర్‌లో ఉంది. అక్కడ ఆగకపోతే విండోస్ మీద అనుమానం పెరుగుతుంది, రుజువు కాదు. లినక్స్ మీ డిస్క్‌ను పెద్దగా తాకలేదని గుర్తుంచుకోవాలి.

అన్నీ తేలాక మిగిలేవి మదర్‌బోర్డు, ప్రాసెసర్. వాటిని మార్చి చూసే సరంజామా ఇళ్లలో ఉండదు, దుకాణానికి తీసుకెళ్లక తప్పదు. రాసుకున్న కాగితం కూడా ఇచ్చి, ఎన్నాళ్లు నడిపి చూడాలో పైన చెప్పిన మూడు రెట్ల లెక్క ప్రకారమే అడగండి. అక్కడ తొమ్మిది రోజులూ ఒక్కసారి కూడా ఆగకపోతే మెకానిక్‌ను తప్పుపట్టవద్దు. అప్పుడు చూడవలసినవి కంప్యూటర్‌తోపాటు దుకాణానికి వెళ్లనివి: ఇంట్లోని ప్లగ్ పాయింటు, దాని ఎర్త్ తీగ, ఎక్స్‌టెన్షన్ బోర్డు, యూపీఎస్ బ్యాటరీ.